ఆరున్నొక్క పూసలు

కొత్తపేట,
ఆనంద సంవత్సర మాఘ బహుళ పంచమి (1855).

బెండమూర్లంకలో నాలుగు పడవల యజమానురాలు, మా ఇంటి పెద్దాడపడుచు వీరాయమ్మ వదినగారికి, తమ్ముడి భార్య కనకమ్మ నమస్కరించి చెప్పి రాయించినది.

ఇక్కడ అందరం క్షేమమేనండి. మీరు అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను. రాస్తున్నది మీ తమ్ముడే. నాకు అక్షరం ముక్క రాదని మీరు పదిమందిలో చెప్పుకున్నారు కనుక దాచేదేమీ లేదు. చెప్పింది చెప్పినట్టు రాయమని ఆయనచేత ఒట్టు వేయించుకుని మరీ కూర్చోబెట్టాను.

మా సువర్ణకు సంబంధం కుదిరిందండి. కపిలేశ్వరపురం వాళ్ళు, లంకల్లో పొగాకు వేస్తారు. వైశాఖ శుద్ధ దశమికి లగ్నం. మీకు కబురు పెడితే, ‘నేను రాను, నా నీడ కూడా రాదు’ అన్నారట. సరేనండి. నీడ మీది, మీ ఇష్టం.

కానీ మీ పుట్టింటి ఆచారం ఒకటి ఉంది కదండీ. ఈ ఇంటి పిల్లకు పెళ్ళయితే పెళ్ళికూతురి నుదుటా పెళ్ళికొడుకు నుదుటా కట్టే బాసికాలు మేనత్త పూసలతో అల్లి పెట్టాలి. ఆ అల్లిక మీకు తప్ప ఇప్పుడెవరికీ రాదు. మీరు అల్లరు. అందుకని నేనే అల్లుతాను.

నా పెళ్ళినాటి బాసికం పెట్టెలోంచి తీసేను. రెండు చిలకలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉండేవి కదా, ఒకదాన్ని ఎలకలు కొట్టేసేయి. మిగిలిన చిలకను చూస్తే నిజంగా భయం వేసిందండి. ఎక్కడ మొదలో, ఎక్కడ తుదో తెలియలేదు. ఒక దారం కొస లాగితే మూడు వరుసలు కదిలేయి. గబగబా గుడ్డలో చుట్టేసి పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాను. మీ నోటికి భయపడలేదు గానీ ఆవగింజంత పూసలకు భయపడ్డాను.

కాబట్టి అల్లిక లెక్క రాసి పంపండి. తెల్ల పూసలూ పచ్చ పూసలూ సంతలో దొరికేయి. చిలకల ముక్కులకు ఎర్ర సీమపూసలు మీ రేవులో తప్ప దొరకవు. అవీ పంపండి.

మా ఆవు కోడెదూడను వేసింది. కొత్త కాలవలోకి నీళ్ళు వదిలేరు. ఇవి మీకు అక్కర్లేని సంగతులు, అయినా ఉత్తరం పొట్టిగా ఉంటే నాకు పొగరంటారు.

దణ్ణం పెట్టాల్సిన వరసలో ఉన్నాను కనుక పెడుతున్నాను,
కనకమ్మ.

*

బెండమూర్లంక,
మాఘ బహుళ ద్వాదశి.

మరదలు కనకమ్మకు వీరాయమ్మ దీవెనలు. దీవెనలు నీకు కాదు, నీ పసుపుకుంకాలకు. అవి నా తమ్ముడివి కాబట్టి.

నీకు గుండె ఎంతుందే! మేనమామ కూతురి మీద మొదటి హక్కు నా కొడుకుది. వాణ్ణి కాదని పిల్లను ఎవరికో ఇచ్చుకుంటూ, ఆ పెళ్ళికి లెక్క నన్నే పంపమంటావు! పోయిన కార్తీకంలో కామరాజు ముఖం వేలాడేసుకుని వచ్చి, ‘అక్కా, కనకానికి ఇష్టం లేదే. ఉప్పునీళ్ళ ఇంటికి పిల్లనివ్వనంటోంది’ అన్నాడు. ఉప్పునీళ్ళ ఇల్లా! ఆ ఉప్పునీళ్ళ మీద వచ్చిన తిండి తినే నీ మొగుడు పెరిగేడు.

అయినా లెక్క పంపుతున్నాను. నీకోసం కాదు. మా నాన్న నాకూ కామరాజుకూ పడవ సరుకు లెక్కకని చదువు చెప్పించేడు. లెక్క దాచుకోవడం మా వంశంలో లేదు.

దారానికి మైనం పట్టించు, లేకపోతే పూస కోసేస్తుంది. మొదట పద్నాలుగు పూసలు గుచ్చు. చూడ్డానికి ఒక వరుసే, నిజానికి రెండు వరుసలు. ఆ సంగతి నీకు ఇప్పుడే తెలియదు. తరవాత ఒక కొత్త పూస ఎక్కించి, గుచ్చినవాటిలో ఒకదాన్ని విడిచి, దాని పక్కదాని కడుపులోంచి సూది తియ్యి. మళ్ళీ ఒకటి ఎక్కించు, ఒకటి విడువు. ఆ చివరికి వెళ్ళేసరికి పూసలు రంపం పళ్ళలా ఒకటి పైకి, ఒకటి కిందికి నిలుస్తాయి. వరుసకు ౭ పడతాయి. పళ్ళ మధ్య సందుల్లో తరవాతి వరుస కూర్చుంటుంది. వరుసకు ౭ చొప్పున తొమ్మిది వరుసలు పోయేక, వరుసకొకటి తగ్గించుకుంటూ పో. మొనకు ఒక్క పూస మిగలాలి. అది ఒక రెక్క. బాసికానికి రెండు రెక్కలు, జంటకు నాలుగు. రెక్కల వెడల్పు అంచులు ఎదురెదురు పెట్టి మధ్యన ౭ ఎర్రపూసలు కూర్చి బిగిస్తే చిలకల ముక్కులు కలుస్తాయి. అది ముక్కు వరుస. ఒక్క పూస తప్పినా ఏ వరుసా కూర్చోదు. ఇది పప్పులో ఉప్పు కాదు, తగ్గితే తరవాత కలుపుకోవడానికి.

ఎర్రపూసలు పంపను. లేవని అబద్ధం చెప్పను. ఉన్నాయి. పంపను.

మొన్నటి గాలికి మా వంటపాక కప్పు లేచిపోయింది. నీ నోరు ఇటు తిరిగిందేమో అనుకున్నాను.

ఇట్లు, రానన్న పేరంటానికి లెక్క పంపిన
వీరాయమ్మ.

*

కొత్తపేట,
ఫాల్గుణ శుద్ధ తదియ.

వదినగారికి కనకమ్మ.

క్షేమాలు తరవాతండి. ముందు ఇది చెప్పండి. నేను మీకేం అపకారం చేసేను?

తలంటుకుని, దీపం వెలిగించి, కొత్త చేటలో పూసలు పోసుకుని, సూది చేత పట్టుకుని కూర్చున్నాను. మీ ఉత్తరం మీ తమ్ముడు చదువుతున్నారు. పద్నాలుగు అన్నారు, గుచ్చేను. ఒకటి విడవమన్నారు, విడిచేను. వరుసకు... అని ఆగిపోయేరు. ఏమిటండీ అన్నాను. ఆయన ఆ మాట అన్నారు. అమ్మో! పెళ్ళి పనికి మొదటిసారి సూది పడితే మేనత్త దీవెనగా నా చెవిన పడింది అదా! అదీ ఒకసారి కాదు, వరుస వరుసకూ అదేనట! తొమ్మిది వరుసలూ నన్ను ఆ పనే చేయమన్నారన్నమాట. చేట ఎత్తి విసిరేసేను. పూసలు ఇల్లంతా దొర్లేయి. కోళ్ళు వచ్చి నాలుగు మింగేయి కూడాను.

వడ్లు కొలిచేటప్పుడు పాలేళ్ళు కూడా ఆ అంకె నోటితో అనరు. ఆరు అయ్యేక మరో మాట చెప్పి ఎనిమిదికి దాటేస్తారు. అది మీకు తెలియదా? తెలిసే రాసేరు. మా ఇంటి నుంచి వెళ్ళి మా ఇంటి మీదే ఏడ్పు చూడాలని... చూశారా, కోపంలో నాచేత కూడా అనిపించేరు!

ఆ అంకె రూపం ఎలా ఉంటుందో బూడిదలో గీయించుకుని చూసి పెట్టుకున్నాను. నాకు వచ్చిన చదువు అదొక్కటే. ఇకమీద మీ కాయితంలో ఎక్కడ కనబడినా పట్టేస్తాను.

ఆ మాట లేకుండా లెక్క మళ్ళీ రాయండి. పెళ్ళి ఇంటికి రాస్తున్నానని గుర్తు పెట్టుకుని రాయండి.

చెయ్యి కడుక్కుని వచ్చి చెప్పిన
కనకమ్మ.

అక్కకు కామరాజు నమస్కారం. ఈ కింది రెండు ముక్కలు నావి. ఆ అంకె ఇక రాయకు తల్లీ. ఇక్కడ ఇల్లు పీకి పందిరేస్తోంది.

*

బెండమూర్లంక,
ఫాల్గుణ శుద్ధ నవమి.

మహా శుభవచనాల కనకమ్మకు వీరాయమ్మ.

నేను రాసింది అంకె. నోరు తెరిచి అన్నది నీ మొగుడు. తిట్టాలనుకుంటే నేను అంకెల్లో తిట్టనే, అక్షరాల్లోనే తిడతాను. నా చెయ్యి అంత పిరికిది కాదు.

అయినా అడుగుతాను. నీ కూతురిచేత పెళ్ళిలో ఎన్ని అడుగులు వేయిస్తావు? పురోహితుడు ఆ మాట అనగానే ఆయన చేట కూడా ఎత్తేస్తావా? తిరపతి కొండల మీదున్న స్వామిని ఏమని పిలుస్తావు? ఆరున్నొక్క కొండలవాడా అంటావా? నీకు వయసెంత అని ఎవరైనా అడిగితే ఎన్నో ఏడో చెప్పకుండా పళ్ళు చూపిస్తావా?

సరే, నీ చెవి కోమలం. నీకు తగినట్టే రాస్తాను. వరుసకు ఆరున్నొక్క పూసలు. ముక్కు వరుసలోనూ ఆరున్నొకటే. పద్నాలుగు గుచ్చి ఒకటి విడిచి ఒకటి వేసుకుంటూ పోతే ఇంకో లెక్క పడమన్నా పడదు. ఆరున్నొక్క రాగం తీసుకుంటూ అల్లుకో, చక్కగా కుదురుతుంది.

దారం మరీ బిగించకు. బిగిస్తే రెక్క ముడుచుకుంటుంది. వదులుగా ఉంటే చిలక మెడ వేలాడుతుంది. సగం మీద లేవకు. లేస్తే ఏ పూస విడిచేవో మరిచిపోయి మళ్ళీ మొదటికి వస్తావు. ఇవి కోపంలో కూడా చెప్పాల్సిన మాటలు కనుక చెప్పేను.

మా ఆయన నీ ఉత్తరం విని ఒకటే నవ్వేరు. నాకు నవ్వు రాలేదు.

తప్పు రాయని
వీరాయమ్మ.

*

కొత్తపేట,
ఫాల్గుణ బహుళ ఏకాదశి.

వీరాయమ్మ వదినగారికి కనకమ్మ రాయించినది.

ఈ ఉత్తరంతో పాటు గుడ్డలో ఒకటి కట్టి పంపుతున్నానండి. విప్పి చూసుకోండి. అది రెక్కట. మీరు చెప్పిన లెక్క ప్రకారం అల్లిన రెక్క. దొప్పలా వంగిపోయింది. నీళ్ళలో వేస్తే తేలేట్టుంది, మీ ఆయనగారి పడవల్లో ఐదోదిగా పెట్టుకోండి.

నాలుగుసార్లు అల్లేనండి. నాలుగుసార్లు విప్పేను. మీరు చెప్పినట్టే వరుసకు ఎనిమిదేసి. పద్నాలుగు గుచ్చి ఒకటి విడిచి ఒకటి వేస్తుంటే ప్రతిసారీ ఒక పూస ముందే వరుస అయిపోతోంది. దారం అక్కడితో చాలంటోంది. మీ తమ్ముణ్ణి మళ్ళీ చదవమంటే మళ్ళీ ఎనిమిదే చదివేరు. వదినగారు చెప్పేరు కదా అని ఎనిమిదోదాన్ని సూదితో తోసి, పళ్ళతో లాగి ఇరికించేను. మూడు పూసలు చిట్లిపోయేయి. చూపుడువేలు వాచిపోయింది. కళ్ళ ముందు అన్నీ చుక్కలే. బియ్యంలో రాళ్ళు కనబడక, ఇంట్లో అందరిచేతా రెండు రోజులు రాళ్ళన్నం తినిపించేను.

ఆఖరికి నాకు అర్థమైందండి. మీరు కావాలనే తప్పు లెక్క పంపేరు. ముహూర్తం వేళకు నా చేతిలో ఈ దొప్ప ఉండాలి, కపిలేశ్వరపురం వాళ్ళు చూసి నవ్వాలి, కనకమ్మకు చేతకాలేదని మీరు అక్కడ కూర్చుని చెప్పుకోవాలి. లెక్క దాచుకోవడం మీ వంశంలో లేదేమో. తప్పు లెక్క చెప్పడం ఉందన్నమాట.

సువర్ణ పక్కన కూర్చుని చిట్లిన పూసలు ఏరుతోంది. ‘పోనీలే అమ్మా, పూలబాసికం కట్టుకుంటాను’ అంది. మీ ఇంటి ఆచారం మా పిల్లతో ఆగిపోతే ఆ పుణ్యం మీదే.

ఇంక మీకేం రాయించను. ఇదే ఆఖరు.
కనకమ్మ.

*

బెండమూర్లంక,
రాక్షస సంవత్సర చైత్ర శుద్ధ విదియ.

కనకమ్మకు వీరాయమ్మ.

ఏడాది పేరే రాక్షస. మొదటి ఉత్తరం నీకే రాస్తున్నాను.

ఈ ఉత్తరం తెచ్చినవాడు నా కొడుకు తాతబ్బాయి. గన్నవరం రేవుదాకా పడవ మీద వచ్చి, అక్కడినుంచి నడిచి వస్తాడు. కొబ్బరికాయలు ఎక్కించుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది, అంతవరకూ ఉంటాడు. ఇది వాడే చదువుతాడు. నీ మొగుణ్ణి ముట్టుకోనివ్వకు. తన గురించి రాసిన చోట తాతబ్బాయి గొంతు తగ్గిస్తాడేమో, తగ్గించనివ్వకు.

నీ దొప్ప విప్పి లెక్కపెట్టేను. ఎనిమిది! ఎనిమిదని నీకు ఎవరు చెప్పేరే? నేను రాసింది ఆరున్నొకటి. కాయితం మీద ఇప్పటికీ ఉంటుంది, తాతబ్బాయిచేత చదివించుకో. మొత్తం చదివించుకో, నా తిట్లతో సహా. అప్పుడు తెలుస్తుంది, నీ చెవిదాకా వచ్చినవెన్నో, దారిలో నా తమ్ముడు మింగినవెన్నో. ఇంట్లో గోల లేకుండా ఉంటే చాలు వాడికి. చిన్నప్పుడూ అంతే. నాన్న అడిగితే ఒకటి, అమ్మ అడిగితే ఒకటి చెప్పేవాడు. ఇద్దరూ నవ్వేలా చెప్పేవాడు.

అది చూసేక నాకు ఇంకో అనుమానం వచ్చింది. కూడు సయించడం లేదు. సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. నా కొడుకుకు పిల్లనివ్వనన్నది నువ్వేనా? ఉప్పునీళ్ళ ఇల్లని అన్నది నీ నోరేనా? నా మొదటి ఉత్తరంలో ఆ మాట రాసేను. నువ్వు జవాబే చెప్పలేదు. ఒప్పుకున్నావనుకున్నాను. నువ్వసలు విన్నావా?

నా దగ్గర ఎర్రపూసలు ఉన్నాయన్నాను. అవి సువర్ణ పుట్టిన పురిటి కబురు అందిన నాడు మా ఆయనచేత తెప్పించినవి. పసుపు డబ్బీలో పోసి, ఎవరికీ చూపించకుండా దాచేను. ఇన్నేళ్ళూ మూత తీసి చూసుకుని మళ్ళీ పెట్టేదాన్ని. పిల్ల మా ఇంటికే వస్తుందనుకున్నాను కదా.

నువ్వు ఎంత పొగరుబోతువైనా అబద్ధాలకోరువని నేనెప్పుడూ అనలేదు. అందుకే అడుగుతున్నాను.

వీరాయమ్మ.

*

కొత్తపేట,
చైత్ర శుద్ధ దశమి.

వదినగారికి కనకమ్మ. రాస్తున్నది మీ కొడుకు. ఒక్క మాట మింగినా మేనల్లుడని కూడా చూడకుండా చెవి మెలేస్తానని చెప్పేను. ‘ఆయ్, అలాగే అత్తా’ అన్నాడు.

మీ పాత ఉత్తరాలు రెండూ చదివించుకున్నానండి. ఆరున్నొక్క రాగం దాకా అన్నీ విన్నాను. బాగా తిట్టేరు. ఉప్పునీళ్ళ మాట నేను ఇవాళే వింటున్నాను. ఆ మాట నేను అనలేదు. నా కూతురి మీద ఒట్టు.

ఇప్పుడు మీరు వినండి. అదే కార్తీకంలో మీ ఇంటినుంచి తిరిగొచ్చి మీ తమ్ముడు పీట మీద కూర్చుని, ‘అక్కకు ఇష్టం లేదు కనకం. పిల్ల నలుపు, పడవల ఇంట్లో చాకిరీకి ఆగదు అంటోంది’ అన్నారు. నా పిల్లను నలుపన్నారని విన్నాక మీకు మంచిమాట ఎక్కడినుంచి వస్తుందండీ? ఆ మాట మూడు ఉత్తరాల్లోనూ చెప్పించేను. ‘సువర్ణను నలుపన్న నోటితో’ అని మొదలెట్టే చెప్పించేను. మీకు ఒక్కదాంట్లోనూ చేరలేదని తాతబ్బాయి చెబుతున్నాడు.

ఆయన్ని పెరట్లో నిలబెట్టి అడిగేను. ముందు నీళ్ళు నమిలేరు. తరవాత ఏడ్చేరు. ఆ మాట నేను అనక తప్పడం లేదు, ఆయన చేసింది అదే. ‘చిన్నబ్బాయి శవం కూడా దొరకలేదు కనకం’ అన్నారు. మీ చిన్న తమ్ముడు గోదారి సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడి పోయినప్పుడు ఒడ్డున నిలబడి చూసింది ఆయనే కదా. అందుకే పడవలు మానుకుని ఇక్కడికొచ్చి భూమి చేసుకున్నారు. మళ్ళీ అదే మొగ ఒడ్డుకు సువర్ణను పంపి, అల్లుడు వేళకు ఇంటికొస్తాడా రాడా అని చూడలేనన్నారు. ఆ సంగతి మీకు చెప్పే ధైర్యం లేక నా మీద పెట్టేరు. నాకు తాతబ్బాయి అంటే ఎంత ఇష్టమో తెలుసు కనుక, నాకు చెప్పే ధైర్యం లేక మీ మీద పెట్టేరు.

‘నాకు తాతబ్బాయి అంటే ఎంత ఇష్టమో’ అన్నచోట వీడి కలం ఆగిపోయింది. రాయరా అన్నాను. రాసేడు.

కపిలేశ్వరపురం వాళ్ళకు తాంబూలాలు ఇచ్చేసేమండి. మాట ఇచ్చేసేము. వాళ్ళ తప్పేం లేదు, పిల్లవాడు మంచివాడు. ఇప్పుడు వెనక్కు తీసుకుంటే సువర్ణ పేరు వీధిన పడుతుంది. ఆ పని చేయలేను. ‘నువ్వు సువర్ణను చేసుకోవాలనుకున్నావా’ అని మీ కొడుకును అడిగేను. ఏం చెప్పేడో రాయనంటున్నాడు. నేనూ బలవంతపెట్టలేదు.

రెక్కలు మళ్ళీ మొదలెట్టేను. ఈసారి దారం చెప్పిన లెక్కే విన్నాను. బల్లపరుపుగా వచ్చింది.

మీమీద కోపం పోలేదు. ఎవరో చెబితే నేను అంతమాట అన్నానని నమ్మేసేరు.
కనకమ్మ.

*

బెండమూర్లంక,
చైత్ర బహుళ తదియ.

కనకమ్మకు.

తాతబ్బాయి వచ్చేడు. అన్నం తిన్నాడు. పడవకు తారు పూస్తున్నాడు. నిన్న పూసినచోటే ఇవాళ మళ్ళీ పూస్తున్నాడు.

నేను నమ్మేనంటావా? నమ్మేను. నువ్వు నమ్మలేదా? అంత దూరంలో ఉన్నామా, ఒక్క కబురు పంపి ‘వదినా, ఇది నిజమేనా’ అని అడగడానికి నీకేం అడ్డొచ్చింది? నాకేం అడ్డొచ్చింది? నేను చెబుతాను. నువ్వు అలాంటిదానివేనని నాకు ముందునుంచీ నమ్మకం. నేను అలాంటిదాన్నేనని నీకు నమ్మకం. కామరాజు మన చెవిలో ఒక్క మాట వేసేడు, అంతే. మిగతాదంతా మనమే అల్లుకున్నాం.

వాడితో ఈ జన్మకు మాట్లాడను. చిన్నబ్బాయి నాకు మాత్రం తమ్ముడు కాడా? నేను ఆ మొగ ఒడ్డునే ఉండి, రోజూ ఆ నీళ్ళు చూస్తూనే మొగుణ్ణీ కొడుకునూ పంపుతున్నాను కదా! వాడికొక్కడికేనా భయం?

పెళ్ళికి రాను. కోపం వల్ల కాదు, అదీ ఉందిలే. తాతబ్బాయి నుదుట కట్టాలని దాచిన పూసలు నా చేత్తో ఇంకొకరి నుదుటికి కూర్చలేను. పంపిద్దామని నిన్న డబ్బీ తీసేను. మూత తిరగలేదు. నిజంగా తిరగలేదో, నేను తిప్పలేదో తెలియదు. మళ్ళీ అటక మీద పెట్టేసేను. ముక్కు వరుసకు గురివింద గింజలు వేసుకో. దూరంనుంచి ఎవరికీ తెలియదు.

ఇంక రాయకు. రాసిపెట్టేవాళ్ళు కూడా లేరుగా నీకు.

వీరాయమ్మ.

*

కొతపేట
వైశాఖం పాడిమి

వదినకు

ఇది నేనే రాసేను. నీ కొడుకు ఇకడ ఉన నాలుగు రోజులూ బూడిదలో గీసి చూపేడు. తరవాత రోజూ గీసేను. ఒతులు రావు. అండీలు కూడా రావు. కాబటి నువు అంటాను. కోపం రానీ.

నాలుగు రెకలూ అయేయి. వంకర లేదు. వరుసకు ౭. ఎవరినీ అడగలేదు. నేనే చూసేను.

ముకు వరుస వేయలేదు. గురివింద గింజలు వేయను. దూరం నుంచి తెలియదు అనావు. నాకు తెలుసు. దారం అలాగే వదిలేను. సూది దారానికే ఉంది.

నీ తముడితో నాకూ మాటలు లేవు. కూడు పెడతాను. అంతే.

సువరణ రోజూ వీధి గుమంలో నిలబడి రేవు దారి చూడటం చూసేను. మేనత కోసమా ఇంకెవరి కోసమా అని అడగలేదు. నువు కూడా అడగకు.

నా కోపం పోలేదు. నీదీ పోదు. దాంతోనే రా.

పదో నాడు లగనం. నేను పెళికూతురి తలిని. ఆ మాట అనకూడదు. ఆ పని చేయకూడదు. నవుతూ తిరగాలి. నువు మేనతవి. నీకు రెండూ తగును.

ఎర పూసలు తే. ఆ ౭ నీవి. వచి నువే ఏడు.

కనకం